రెంబ్రాంట్ 1628 సెల్ఫ్ పోర్ట్రెయిట్ కాపీ చేస్తున్నా, నీడంతా బురదైపోతోంది

సగంనీడ
డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ కుర్రతనంలో, 1628 ప్రాంతంలో, వేసుకున్న చిన్న సెల్ఫ్ పోర్ట్రెయిట్ ఉంది కదా, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలోది. చింపిరి ఉంగరాల జుట్టు, ముఖం చాలావరకు నీడలో. ఆయిల్‌లో పోర్ట్రెయిట్ నేర్చుకోవాలని దాన్ని కాపీ చేయడం మొదలుపెట్టా. పెన్సిల్, చార్‌కోల్ అలవాటే. ఆయిల్ కొత్త.

డ్రాయింగ్ బాగానే కుదిరింది. గ్రిడ్ గీసి కొలతలు సరిచూసుకున్నా. వెలుగు పడ్డ చెంప, మెడ కూడా పర్లేదు. నీడలో ఉన్న కళ్లు, నుదురు దగ్గరికి వచ్చేసరికి మొత్తం బురద. ముదురుగా వేస్తే మసి పూసినట్టుంది, కాస్త తెలుపు కలిపితే పాలిపోయి బూడిదరంగులోకి పోతోంది. ఒరిజినల్‌లో మొదట ఏమీ కనపడదు, కాసేపు చూస్తూ ఉంటే కళ్లు మెల్లగా తేలతాయి. మనల్నే చూస్తున్నాడని అప్పుడు తెలుస్తుంది. అది రావాలని నా తాపత్రయం.

వాడుతున్నవి: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్. తెల్ల గెస్సో (రంగుకి ముందు వేసే అడుగుపూత) పూసిన కాన్వాస్ మీద నేరుగా వేస్తున్నా. తేడా ఎక్కడ కొడుతోంది?

కుంచెకబుర్లు
ఫోటో ఉంటే పెట్టండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. బల్బు కింద ఫోటో తీస్తే అందరి నీడలూ బురదే.

సగంనీడ
పెట్టాను, కిటికీ పక్కన తీసింది. కనుగుంటల చుట్టూ చూడండి, అక్కడే ఎక్కువ.

మసిబొగ్గు
చూశా. నీడలో తెలుపు కలిసింది. అది తీసేస్తే సగం రోగం కుదురుతుంది.

అవిసెనూనె
మసిబొగ్గు అన్నది నిజమే కానీ అసలు సమస్య ఇంకా అడుగున ఉంది. తెల్ల గెస్సో మీద నేరుగా వేస్తున్నానన్నారు కదా. రెంబ్రాంట్ ఈ బొమ్మని ఓక్ చెక్క మీద వేశాడు. అప్పట్లో చెక్కకి ముందు సుద్ద, జిగురు కలిపిన పూత వేసేవాళ్లు. దాని మీద పలచగా, పసుపు తిరిగిన గోధుమరంగు ఆయిల్ పూత. అది ఆరాక గోధుమరంగుతోనే బొమ్మ మొత్తానికి వెలుగునీడలు పలచగా పరుచుకుని, ఆ తర్వాతే వెలుగు పడేచోట తెలుపు కలిసిన రంగు దట్టంగా ఎక్కించేవాడు. నీడల్లో చాలాచోట్ల ఆ అడుగు గోధుమరంగే పని చేస్తుంది, పైన పలచటి పొర ఒకటో రెండో అంతే.

నీడకి లోతు వచ్చేది అందుకే. వెలుతురు పైపొరలోంచి దూరి, అడుగు పూతని తాకి వెనక్కి వస్తుంది. తెలుపు కలిపిన దట్టమైన రంగు పెట్టారంటే వెలుతురు పైపైనే తిరిగొచ్చేస్తుంది, ఇక లోపలికి చూడటానికి ఏమీ ఉండదు.

తెల్ల కాన్వాస్‌తో ఇంకో చిక్కు: చుట్టూ తెలుపు ఉన్నంతసేపూ మధ్యరకం టోన్ కూడా ముదురుగా కనిపిస్తుంది. దాంతో తెలియకుండానే అన్నీ లేత చేసేస్తాం. బ్యాక్‌గ్రౌండ్ నింపాక చూస్తే ముఖం పాలిపోయి ఉంటుంది.

సగంనీడ
బ్యాక్‌గ్రౌండ్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అది నింపగానే మొత్తం లెక్క మారిపోయింది. అయితే ఇప్పుడు మళ్లీ మొదట్నుంచా?

అవిసెనూనె
కొత్తది మొదలుపెట్టడమే సుఖం. ఒరిజినలే 22.6 × 18.7 సెంటీమీటర్లు, నోట్‌బుక్ అంత. పోయేదేమీ లేదు.

గ్రిడ్‌గీత
నాకో సందేహం, ఎవరినీ నొప్పించాలని కాదు. కాపీ చేస్తే వచ్చేది కాపీ చేయడమే కదా? అద్దం పెట్టుకుని సొంత ముఖం వేసుకుంటే అసలు కష్టం ఏంటో తెలుస్తుంది. రెంబ్రాంట్ చేసింది కూడా అదే. నాలుగొందల ఏళ్ల కింద ఒకాయన తేల్చిపెట్టిన సమాధానాన్ని చూసి రాసుకుంటే లెక్క ఎలా వస్తుంది?

వెలుగురేఖ
గ్రిడ్‌గీత గారూ, రెంబ్రాంట్ కాపీలు చేశాడండీ, అది కూడా పేరు వచ్చాక. 1639లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలోకి రాఫెల్ వేసిన కాస్టిలియోనె పోర్ట్రెయిట్ వస్తే అక్కడే పెన్నుతో స్కెచ్ చేసుకున్నాడు, పక్కన ఎంతకి పోయిందో ధర కూడా రాసుకున్నాడు, 3500 గిల్డర్లని. ఆ స్కెచ్ ఇప్పుడు వియన్నాలో ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. మరుసటి ఏడు, 34 ఏళ్ల వయసులో వేసుకున్న సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లో ఆ భంగిమ కనిపిస్తుంది. ఇటలీ చిత్రకారుడు టిషియన్ బొమ్మ ఒకటి కూడా అందులో కలిసింది. ఇంకా తర్వాత, యాభై ఏళ్లు వచ్చాక, మొఘల్ సూక్ష్మచిత్రాలు ముందు పెట్టుకుని ఇరవైకి పైగా డ్రాయింగులు చేశాడు. ఆ వయసులో ఆయనకి ఎవరి దగ్గర మార్కులు కావాలి?

కాస్టిలియోనె బొమ్మని రూబెన్స్ కూడా కాపీ చేశాడు. అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ 1879లో మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో కూర్చుని వెలాస్క్వెజ్‌ని కాపీ చేశాడు, మరుసటి ఏడు హార్లెమ్ వెళ్లి ఫ్రాన్స్ హాల్స్‌ని.

గ్రిడ్‌గీత
వాళ్లంతా అప్పటికే చేయి తిరిగినవాళ్లు. నేనడిగేది కొత్తగా నేర్చుకునేవాళ్ల గురించి.

మసిబొగ్గు
అద్దంలో సొంత ముఖం వేసేటప్పుడు కొత్తవాడు ఒకేసారి ఎన్ని చూసుకోవాలి? తల కదులుతుంది, పొద్దు తిరిగేకొద్దీ వెలుతురు మారుతుంది, పోలిక రావాలి, రంగు కలపాలి, ఏ పొర ఎప్పుడు వేయాలో తెలియాలి. కాపీలో తల కదలదు, వెలుతురు కదలదు. పోలికకీ కొలతలున్నాయి. మిగిలేవి రంగు, పొర. ఆయిల్‌లో నేర్చుకోవాల్సిందే ఆ రెండు.

గ్రిడ్‌గీత
ఇది ఒప్పుకుంటా. కానీ పైకి కనిపించేదాన్ని మక్కీకి మక్కీ దించుతూ పోతే ఆ పొరల సంగతి తెలియదు కదా. సగంనీడ గారు ఇరుక్కున్నదీ అక్కడే అనిపిస్తోంది.

అవిసెనూనె
అదీ పాయింటు. రెంబ్రాంట్ ఏ వరసలో వేశాడో ఆ వరసని కాపీ చేయాలి. చివరి పొర ఒక్కదాన్ని దించితే ఫోటోకి రంగు వేసినట్టు ఉంటుంది. వరస పట్టుకుంటే పోలిక కాస్త అటూ ఇటూ అయినా చేయి తిరుగుతుంది.

రంగులరాట్నం
నా మటుకు మొదటి కాపీకి ఈ బొమ్మే తప్పు ఎంపిక అంటాను. సగం ముఖం కనపడదు, నేర్చుకునేది ఏముంది? స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ ఉన్నాడు, నాలుగు రంగులతో పని నడుస్తుంది: తెలుపు, ఎల్లో ఓకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్. లేదంటే ఫ్రెంచ్ చిత్రకారిణి వీజె లెబ్రన్ 1782లో గడ్డి టోపీ పెట్టుకుని వేసుకున్నది. టోపీ నీడ ముఖం మీద పడుతుంది కానీ ఆ నీడ నిండా వెలుతురే, ప్రతి మలుపూ చదువుకోవచ్చు. ఆమె ఆంట్వెర్ప్‌లో రూబెన్స్ టోపీ పోర్ట్రెయిట్ చూసి ముచ్చటపడి వేసుకుంది. ఇప్పుడు ఆ రూబెన్స్ బొమ్మా, ఆమె తన చేత్తోనే వేసుకున్న రెండో ప్రతీ లండన్ నేషనల్ గ్యాలరీలోనే ఉన్నాయి.

సగంనీడ
రంగులరాట్నం గారూ, మీరన్నవి మంచి బొమ్మలే, కాదనను. కానీ నన్ను ఈ దారిలోకి లాగింది ఈ బొమ్మే. 22 ఏళ్ల కుర్రాడు, అందరూ చూడాలనుకునే ముఖాన్ని నీడలో పెట్టి, మెడ మీదా చెవి తమ్మె మీదా దీపం పెట్టాడు. అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుంది. ఇష్టం లేని బొమ్మ ముందు వారాలు కూర్చోలేను.

రంగులరాట్నం
ఇష్టం ఉందంటే ఇక మాటల్లేవు. కానివ్వండి.

పాతకాన్వాస్
కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. తెలుపు గురించి అందరూ అంటున్నారు కానీ ఏ తెలుపో ఎవరూ అడగలేదు.

రెంబ్రాంట్ వాడింది లెడ్ వైట్. టైటానియం వైట్ చిత్రకారుల చేతికి వచ్చిందే 20వ శతాబ్దంలో. రెండింటికీ పోలికే లేదు. టైటానియం బాగా కప్పేస్తుంది, చల్లగా ఉంటుంది, ఏ రంగులో చిటికెడు వేసినా దాన్ని మింగేస్తుంది. లెడ్ వైట్ అంతగా కప్పదు, కాస్త వెచ్చగా, సాగుతూ ఉంటుంది. బ్రష్ ఎత్తితే తీగలా వెంటవచ్చి, ఆ గీత అలాగే నిలబడిపోతుంది. ఆ బొమ్మలో మెడ మీద, కాలర్ అంచున రంగు ఎత్తుగా నిలబడి ఉంటుంది చూడండి, అది ఆ తెలుపు గుణం.

అలాగని కొత్తవాళ్లని లెడ్ వైట్ కొనుక్కోమనను. అది సీసం, విషం. ట్యూబులో ఉన్నదాన్ని చేతికి అంటకుండా జాగ్రత్తగా వాడుకునేవాళ్లున్నారు కానీ పొడిగా ఉన్నదాన్ని ఇంట్లో నూరుకోవడం, ఆరిన పొరని సాండ్‌పేపర్‌తో రుద్దడం లాంటివి అస్సలు వద్దు. పిల్లలున్న ఇంట్లో ఆ ఊసే వద్దు. టైటానియం వైట్‌లో మెత్తటి సుద్దపొడి, రెండు చుక్కల లిన్సీడ్ ఆయిల్ (అవిసెనూనె) కలిపి పాలెట్ నైఫ్‌తో బాగా నూరండి. దాని పొగరు తగ్గుతుంది, కొంచెం పారదర్శకంగానూ అవుతుంది. సుద్ద కలపడం కొత్తగా కనిపెట్టిందేం కాదు, ఆ రోజుల్లో చవకరకం లెడ్ వైట్‌లో సుద్ద కలిసే వచ్చేది. జింక్ వైట్ జోలికి మాత్రం పోకండి. ఆయిల్‌లో అది కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది.

ఇక కాడ్మియం రెడ్. ఇదీ అప్పట్లో లేదు. నీడలో దాన్ని పెడితే ఎక్కడో కేక పెట్టినట్టుంటుంది. రెడ్ ఓకర్ గానీ, ఇండియన్ రెడ్ గానీ ఒక్కటి చాలు, మీ బర్న్‌ట్ సియెన్నా ఉండనే ఉంది.

మీ పాలెట్‌లో నీలం లేదు, అది మంచిదే. తెలుపులో ఐవరీ బ్లాక్ కలిపి ఒక వెచ్చటి రంగు పక్కన పెట్టి చూడండి, ఆ బూడిదే నీలంగా కనిపిస్తుంది. చెంప మీద వెలుగు ఆగిపోయి నీడ మొదలయ్యే అంచున సన్నగా ఒక చల్లటి పట్టీ ఉంటుంది. అక్కడ పెట్టాల్సింది ఈ బూడిదే. ఆ పట్టీ లేకపోతే చెంప గుండ్రంగా తిరగదు, కత్తిరించి అతికించినట్టుంటుంది.

కుంచెకబుర్లు
పాతకాన్వాస్ గారు పొడుగవుతుంది అన్నప్పుడల్లా నేను టీ పెట్టుకుని కూర్చుంటా. ఎప్పుడూ నష్టపోలేదు.

సగంనీడ
చాలా థాంక్సండీ. ఇంకో విషయం ఇందాక రాయలేదు. నీడ తడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటోంది, నిగనిగలాడుతూ. మర్నాడు చూస్తే అదే చోట వెలవెలబోయి, మాసిన నలుపులా ఉంటోంది. దాన్ని సరిచేద్దామని మళ్లీ మళ్లీ రంగు వేస్తూ పోయా.

మసిబొగ్గు
అది సింకింగ్. రంగు మారలేదు, నూనె అడుగుకి ఇంకిపోయింది. అక్రిలిక్ గెస్సో నూనె పీలుస్తుంది, పైగా అంబర్‌కి ఆ జబ్బు ఎక్కువ. టర్పెంటైన్ ధారాళంగా పోసి పలచన చేస్తే ఇంకా ఎక్కువ.

మందు సులువే. పొర చేతికి అంటకుండా ఆరాక, గుడ్డకి ఒక చుక్క లిన్సీడ్ ఆయిల్ అద్ది ఆ చోట రుద్దండి. వెంటనే ఇంకో పొడిగుడ్డతో తుడిచేయండి. కంటికి తడి మెరుపు తప్ప నూనె మిగలకూడదు. పోయిన లోతు మొత్తం వెనక్కి వస్తుంది. అప్పుడు చూసి నిర్ణయించుకోండి, రంగు ఇంకా కావాలో వద్దో. చాలాసార్లు అక్కర్లేదు.

సగంనీడ
ఇప్పుడే రుద్ది చూశా. కనుగుంటల్లో సగం బురద మాయమైంది! నిన్నటి పొరలోనే కనురెప్ప ఉంది, నాకు కనపడలేదంతే.

వెలుగురేఖ
ఆ నూనెగుడ్డలు జాగ్రత్త. ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. లిన్సీడ్ ఆయిల్ గాలిలో ఆక్సిజన్ తీసుకుని గట్టిపడుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోయే దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. నాకు తెలిసినావిడ స్టూడియోలో తెల్లారేసరికి డబ్బా మాడి ఉంది, అదృష్టం బాగుండి అది రేకు డబ్బా. విప్పి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న రేకు డబ్బాలో వేయండి.

పాతకాన్వాస్
వెలుగురేఖ గారు చెప్పింది అందరూ రెండుసార్లు చదవాలి.

ఆరడం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరైపోయి ఆరదు, ఇందాక చెప్పినట్టు గాలితో కలిసి గట్టిపడుతుంది. అందుకే ఒక్కో రంగు ఒక్కో వేగంతో ఆరుతుంది. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది, అది ఆరడాన్ని తొందరపెడుతుంది, ఒకట్రెండు రోజుల్లో పట్టు చిక్కుతుంది. ఐవరీ బ్లాక్ చాలా ఆలస్యం. అడుగున నలుపు దట్టంగా వేసి, అది ఆరకముందే పైన త్వరగా ఆరే పొర వేస్తే పైది గట్టిపడ్డాక కింది పొర కదిలి పగుళ్లు వస్తాయి. కాబట్టి అడుగు బొమ్మ అంబర్‌తో, నూనె తక్కువగా. పైకి వెళ్లేకొద్దీ నూనె కాస్త కాస్త పెంచండి. నలుపు ఏమైనా ఉంటే పైపొరల్లో.

మసిబొగ్గు
ఏ ఫోటో చూసి వేస్తున్నారు? ఫోన్‌లోనా?

సగంనీడ
ల్యాప్‌టాప్‌లో. వెతికితే పది రకాలు వచ్చాయి, ఒకదాంట్లో ఎర్రగా, ఇంకోదాంట్లో పచ్చగా. మధ్యరకంగా ఉన్నది తీసుకున్నా.

మసిబొగ్గు
రైక్స్‌మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో పెద్ద సైజు ఫోటో ఉచితంగా దింపుకోవచ్చు. అదే వాడండి. దాన్ని పెంచి చూస్తే బ్రష్ గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి. స్క్రీన్ తనే వెలుగుతుంది, మీ కాన్వాస్ గదిలో వెలుతురుతో బతకాలి. స్క్రీన్ మీద నీడల్లో కనిపించేదంతా కాన్వాస్ మీదకి తెద్దామంటే నీడ లేతబడుతుంది. ఒక ప్రింటు తీయించి కాన్వాస్ పక్కన, అదే వెలుతురులో పెట్టుకుంటే ఇంకా మేలు. రంగుకి ప్రింటు, బ్రష్ గీతలకి స్క్రీన్.

రంగులరాట్నం
పాత బొమ్మల్లో వార్నిష్ పసుపెక్కి ఉంటుంది, ఆ పసుపుని కూడా కలిపి కాపీ చేసేవాళ్లున్నారు. రెంబ్రాంట్ పెద్ద బొమ్మ ‘నైట్ వాచ్’కి ఆ పేరు వచ్చిందే వార్నిష్ నల్లబడి పగలు రాత్రిలా కనిపించడం వల్ల. ఫోటో ఎప్పటిదో చూసుకోండి, బొమ్మ శుభ్రం చేయకముందు తీసినవి ఇంకా తిరుగుతుంటాయి.

గ్రిడ్‌గీత
అద్దం గురించి ఒకటి చెప్పొచ్చా? సెల్ఫ్ పోర్ట్రెయిట్ అంటే కనిపించేది అద్దంలో బొమ్మ, కుడి ఎడమ తారుమారు. కాపీ చేసేవాళ్లు దీన్ని పట్టించుకోరు. లండన్ కెన్‌వుడ్ హౌస్‌లో రెంబ్రాంట్ ముసలితనంలో వేసుకున్నది ఉంది, వెనక గోడ మీద రెండు వృత్తాలు గీసి ఉంటాయి. దాని ఎక్స్‌రేలో ఏం తేలిందంటే, మొదట అద్దంలో కనిపించినట్టే బ్రష్‌ని ఎడమచేతిలో వేశాడు. తర్వాత మార్చి ఆ చేతికి పాలెట్ ఇచ్చాడు. నేషనల్ గ్యాలరీలో 63 ఏళ్లప్పటిదానిలో కూడా ముందు చేతిలో బ్రష్ ఉండేది, దాన్ని కప్పేసి చేతులు ముడిచినట్టు చేశాడు. అది 1669, ఆయన పోయిన సంవత్సరమే. అప్పటికీ మార్చుకుంటూనే ఉన్నాడు.

వెలుగురేఖ
గ్రిడ్‌గీత గారూ, కాపీ వద్దన్న మీరే ఈ బొమ్మల్ని అందరికంటే దగ్గరగా చూసినట్టున్నారే!

గ్రిడ్‌గీత
చూడొద్దని నేనెప్పుడన్నా? చూడండి, బాగా చూడండి, తర్వాత అద్దం ముందు కూర్చోండి అంటున్నా.

సగంనీడ
అప్‌డేట్. కాన్వాస్ పక్కన పెట్టి చిన్న చెక్క ప్యానెల్ తీసుకున్నా. గెస్సో పూసి నున్నగా రుద్ది, దాని మీద ఎల్లో ఓకర్, అంబర్ కలిపి పలచగా ఆయిల్ పూత. అది ఆరాక ఒక్క అంబర్‌తో మొత్తం బొమ్మ వేశా, తెలుపు ముట్టకుండా. లేత కావాల్సిన చోట గుడ్డతో తుడిచేశా, ముదురు కావాల్సిన చోట ఇంకో చేయి. అక్కడికే ముఖం వచ్చేసింది. కళ్లు ఉన్నాయి, కానీ అడిగితేనే కనిపిస్తాయి. తర్వాత చెంపకి, మెడకి సుద్ద కలిపిన తెలుపుతో రంగు ఎక్కించా. నీడల మీద నలుపు, బర్న్‌ట్ సియెన్నా కలిపి నూనెతో అతి పలచటి పొర ఒక్కటే. ఫోటో పెడుతున్నా.

కుంచెకబుర్లు
ఆహా! ఇప్పుడు లోపల మనిషి ఉన్నాడు.

అవిసెనూనె
చాలా బాగుంది. ఎడమ కనుబొమ్మ కింద ఉన్న చిన్న ముదురు గీతని ముట్టుకోకండి, ఆ కంటిని నిలబెడుతున్నది అదే. చెవి తమ్మె మాత్రం ఇంకా చెంప రంగులోనే ఉంది. అక్కడ చర్మం పలచన, వెనక నుంచి వెలుతురు దూరి ఎరుపు తిరుగుతుంది. రెడ్ ఓకర్ కాస్త, తెలుపు చాలా తక్కువ.

పాతకాన్వాస్
మెడ మీద వెలుగు మొత్తం ఒకే ఎత్తులో ఉంది. ఒరిజినల్‌లో అత్యంత తెల్లటి చోటు చాలా చిన్నది. కళ్లు సగం మూసి చూడండి, అప్పుడు మిగిలే వెలుగు ఎక్కడుందో అక్కడొక్కచోటే దట్టంగా పెట్టండి. మిగతాదంతా ఒక మెట్టు దించండి. నీడ ఇంకా ముదురు కావాలనిపిస్తే నీడని కాక వెలుగుని సరిచేసుకోవడం మేలు.

సగంనీడ
సరే. ఇక జుట్టు. ఆ ఉంగరాలు బ్రష్ వెనక కొనతో గీకాడని చదివా. భయంగా ఉంది, ఇంతవరకు వచ్చింది పాడవుతుందేమోనని.

మసిబొగ్గు
గీకాడు. తడి రంగులో బ్రష్ పుల్ల కొనతో. పెద్ద ఫోటోలో ఆ గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి, వెలుతురు తగిలే వెంట్రుకలన్నీ అవే. లేత రంగు పెట్టి వేసినవి కావు, ముదురు రంగు తీసేస్తే అడుగున ఉన్న లేత పూత బయటపడింది. ప్యానెల్‌కి మారారు కాబట్టి పని సులువు, కాన్వాస్ నేతలో పుల్ల తట్టుకునేది.

అడుగు పొర పూర్తిగా ఆరి ఉండాలి, అది ముఖ్యం. దాని మీద జుట్టుకి అంబర్, నలుపు కలిపి వేయండి, మరీ పలచగా వద్దు. పుల్లతో గీస్తే పక్కకి చిన్న గట్టు లేవాలి. వేసిన గంటలోపే గీకండి. బంక పట్టాక గీకితే అంచులు చిరుగుతాయి. ప్రతి గీతకీ పుల్ల కొన గుడ్డతో తుడవండి, లేకపోతే తీసిన రంగునే మళ్లీ పూస్తారు. ముంజేతిని ఆనించకుండా భుజం నుంచి తిప్పండి, ఉంగరం ఒకే ఊపులో రావాలి.

నచ్చకపోతే గుడ్డతో తుడిచేసి మళ్లీ వేయొచ్చు. కింద పొర ఆరిపోయింది కాబట్టి దానికేం కాదు. భయం అక్కర్లేదు.

రంగులరాట్నం
ముందు పాత కాన్వాస్ మీద చేయి తిప్పుకోండి. గాటు లోతు ఎంత అన్నది రాస్తే తెలిసేది కాదు.

సగంనీడ
అయిపోయింది! జుట్టు గీకడమంత సంతోషం ఈ మొత్తం పనిలో ఇంకెక్కడా లేదు. చెవి పక్కన రెండు ఉంగరాలు అచ్చు అలాగే పడ్డాయి. మెడ మీద తెలుపు తగ్గించగానే నీడ దానంతటదే దిగింది. పాతకాన్వాస్ గారికి దండం.

వార్నిష్ ఎప్పుడు వేయాలి? వెనకాల ఏమైనా రాయాలా?

పాతకాన్వాస్
ఆర్నెల్ల నుంచి ఏడాది ఆగండి. మీ పొరలు పలచన కాబట్టి ఆర్నెల్లు సరిపోవచ్చు, మెడ మీద దట్టంగా ఉన్నచోటు గట్టిపడిందో లేదో చూసుకుని వేయండి. ఈలోపు దుమ్ము పడకుండా, కానీ వెలుతురు తగిలేచోట ఉంచండి. చీకట్లో పెడితే నూనె పసుపెక్కుతుంది.

వెనక తప్పకుండా రాయండి: రెంబ్రాంట్ తర్వాత కాపీ, మీ పేరు, సంవత్సరం. ఆయన సంతకం మాత్రం దించకండి. లూవ్ర్‌లో కాపీ చేసేవాళ్లకి ఒరిజినల్ సైజులో వేయనివ్వరు, అయిదో వంతు పెద్దదో చిన్నదో ఉండాలి, సంతకం దించకూడదు. కారణం లేకపోలేదు. మీరు వేసిన ఈ బొమ్మదే ఇంకో ప్రతి జర్మనీలో కాసెల్‌లో ఉంది, చాలాకాలం దాన్నే ఒరిజినల్ అనుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నది వెలుగులోకి వచ్చాక అది కాపీల లెక్కలోకి పోయింది.

కుంచెకబుర్లు
అంత బాగా కాపీ చేసినాయన వెనకాల తన పేరు రాసుకుని ఉంటే ఇవాళ మనం ఆయన గురించి కూడా మాట్లాడుకునేవాళ్లం.

మసిబొగ్గు
తర్వాత ఏంటి? మ్యూనిక్‌లో 1629ది ఉంది, దీని తమ్ముడే. 15.5 × 12.7 సెంటీమీటర్లు, దాంట్లోనూ జుట్టు గీకాడు. ముఖం ఇంకాస్త కనిపిస్తుంది, నోరు తెరిచి ఉంటుంది.

సగంనీడ
అది కూడా చేస్తా. దానికంటే ముందు గ్రిడ్‌గీత గారి మాట పాటిద్దామని ఒక అద్దం తెచ్చి పెట్టుకున్నా. ఇదే వెలుతురు, ఇదే వరస, ముఖం మాత్రం నాది. గోధుమ పూత వేసిన ప్యానెల్ ఒకటి ఆరుతోంది.

గ్రిడ్‌గీత
సంతోషం! దీపం ఎక్కడ పెడుతున్నారు?

సగంనీడ
ఎడమవైపు, తల ఎత్తుకి కాస్త పైన. కానీ ముఖం సగానికి సగం వెలిగిపోతోంది, ఆ బొమ్మలోలా రావడం లేదు.

గ్రిడ్‌గీత
దీపాన్ని ఇంకా వెనక్కి జరపండి, భుజం దాటి, చెవి వెనక నుంచి కొట్టేలా. వెలుగు మెడనీ చెంప అంచునీ రాసుకుంటూ పోవాలి. ముక్కు కొసకి కాస్త తగిలితే అక్కడ ఆపండి. ఎదురుగా తెల్లగోడ ఉంటే దాని మీద ముదురు గుడ్డ వేలాడదీయండి, లేకపోతే గోడ నుంచి వెలుతురు తిరిగొచ్చి నీడని తినేస్తుంది. ప్యానెల్‌కి వేరే చిన్న దీపం, అది అద్దంలో పడకుండా.

అవిసెనూనె
ఆ గుడ్డ మరీ నల్లది వద్దు. కళ్లు కనపడేంత వెలుతురు ఎక్కణ్నుంచో ఒకచోట నుంచి రావాలి. గోధుమరంగు దుప్పటి ఉంటే చూడండి.

సగంనీడ
దుప్పటి కట్టా. దీపం చెవి వెనక్కి పోయింది, మెడ వెలిగింది. రేపు అంబర్‌తో మొదలు.